అంబాసిడర్ ఇంజిన్ ఇంటి దగ్గరే దింపుదామనుకుంటున్నా, ధైర్యం చెప్పండి లేదా తిట్టండి

పర్లాకిమిడి_అంబి:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బండి నాన్నగారిది, 1972 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు. ఆయన పోయాక మూడేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. నిరుడు బయటికి తీసి నడుపుతున్నాను.

పోయిన నెల బరంపురం నుంచి మోహనా మీదుగా వస్తున్నాం. తప్తపాణి ఘాటీ సగం ఎక్కేసరికి రేసు ఇస్తే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలదు. క్లచ్ కాలిన వాసన. ఎలాగో ఆపుకుంటూ ఆపుకుంటూ ఇల్లు చేరాం. మర్నాడు కింద దూరి చూశాను. బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గంట ఆకారపు డొప్ప) అడుగున చిల్లు ఉంటుంది కదా, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను కొసన నూనె బొట్టు. తుడిచాను. గంట తర్వాత మళ్ళీ బొట్టు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ కూడా వస్తోంది, ముఖ్యంగా దిగుడులో యాక్సిలేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు.

ఊళ్ళో ఇద్దరు మిస్త్రీలను అడిగాను. ఒకాయన "తెచ్చి పడెయ్యండి, నెల పడుతుంది" అన్నాడు. నెల అంటే మూడు నెలలని మనందరికీ తెలుసు. నా దగ్గర పానాల సెట్టు ఉంది, రెండు జాకీలు ఉన్నాయి, పోర్టికో ఉంది, సెలవులున్నాయి. పోర్టికో స్లాబుకి గట్టి హుక్కు ఉంది. దానికి చైన్ బ్లాకు కట్టి ఇంజిన్ లేపేద్దామని ఆలోచన. గేర్‌బాక్సుతో కలిపి తియ్యాలా, ఇంజిన్ ఒక్కటే తియ్యాలా?

పాతబండి_బరంపురం:
తమ్ముడూ, ముందు ఆ హుక్కు సంగతి మర్చిపో. ఆ హుక్కు ఉయ్యాల కోసం వేయించి ఉంటారు. గేర్‌బాక్సుతో కలిపితే ఆ ఇంజిన్ 200 కిలోల దరిదాపు ఉంటుంది. పైగా అది మెల్లగా వేలాడదు, పట్టు వదిలేటప్పుడు ఒక్క కుదుపు ఇస్తుంది. స్లాబు లోపల ఆ హుక్కు కడ్డీకి చుట్టారో, సిమెంటులో గుచ్చి వదిలేశారో ఎవరికి తెలుసు?

మీ దగ్గర బోరు మోటార్లు పైకి లాగేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గర మూడు కాళ్ళ ఇనుప ట్రైపాడ్ ఉంటుంది, చైన్ బ్లాకు కూడా. రోజుకింత అని అద్దెకు ఇస్తారు. అది తెచ్చుకో. కాళ్ళు జారకుండా మూడింటికీ కింద గొలుసు కట్టు.

ఇంకో మాట. క్లచ్ ప్లేటు ఒక్కటే అయితే ఇంజిన్ కదిపే పని లేదు, కింద నుంచి గేర్‌బాక్సు దింపితే చాలు. నీలం పొగ ఉందంటున్నావు కాబట్టి ఇంజిన్ దింపడం సరే. కానీ దింపే ముందు కంప్రెషన్, అదే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో చూశావా?

సిరోంచ_గోదారి:
అన్నా, హుక్కు మాటకు నేను సాక్ష్యం. మాది సిరోంచ, ఫియట్ పద్మిని. 1089 సీసీ ఇంజిన్, అంబాసిడర్ దాంతో పోలిస్తే చిన్నదే. వేపచెట్టు కొమ్మకు కట్టినం, తొడంత లావు కొమ్మ. ఇంజిన్ జానెడు లేచింది. పైన టక్ మని సప్పుడైంది. మా బావ "ఏం కాదు, ఇంకా లాగు" అన్నాడు. కొమ్మ విరగలేదు, చీలింది. ఇంజిన్ నెమ్మదిగా వంగి పోయి రేడియేటర్ ముందు ఉండే రేకు మీద కూర్చుంది. రేకు ఇప్పటికీ సొట్టతోనే ఉంది, ఎవరన్నా అడిగితే ఆవు గుద్దిందని చెప్తా.

పర్లాకిమిడి_అంబి:
సరే, హుక్కు ఆలోచన మానేశాను. పాతపట్నంలో బోరు పనివాళ్ళు ఉన్నారు, మాకు గేటు దాటితే అదే ఊరు. ట్రైపాడ్ మాట్లాడాను.

కంప్రెషన్ ఈరోజు చూశాను. 1, 2, 4 సిలిండర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. 3 బాగా తక్కువ. అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పెరిగింది.

రాయగడ_లేతు:
నూనె పోస్తే పెరిగిందంటే వాల్వు కాదు, పిస్టన్ రింగులు లేదా బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) అరిగి ఉంటాయి. దింపండి. బ్లాకు నా లేత్ షాపుకి తెచ్చినా, ఇంకెక్కడికి పట్టుకెళ్ళినా బోరు కొలిపించాకే పిస్టన్లు కొనండి. చాలామంది ముందే పిస్టన్లు తెచ్చేసి, వాటికి తగ్గట్టు బోరు చెయ్యమంటారు. చెప్పులు కొనుక్కొచ్చి కాలు కోసుకున్నట్టే అది. ఈ 1489 సీసీ ఇంజిన్ అసలు బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9. ఎంత అరిగిందో చూసి 20 థౌ, 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అని పెంచుతాం. ఇంతకు ముందే ఒకసారి బోరు చేసి ఉంటే పిస్టన్ నెత్తి మీద అంకె కొట్టి ఉంటుంది, హెడ్డు తీసినప్పుడు చూడండి.

వెనక నూనె గురించి ఒక మాట. "ఆయిల్ సీల్ పోయింది, మార్చెయ్యాలి" అనుకుంటున్నారు కదూ?

పర్లాకిమిడి_అంబి:
అవును, మిస్త్రీ అదే అన్నాడు. సీల్ కోసం విశాఖపట్నంలో రెండు షాపులు తిరిగాను. దొరకలేదు.

రాయగడ_లేతు:
దొరకదు. ఎందుకంటే లేదు. ఈ పాత మూడు బేరింగుల క్రాంకుకి (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక రబ్బరు సీల్ అనేదే పెట్టలేదు. క్రాంకు వెనక భాగంలో మరలాగా ఒక గాడి ఉంటుంది. ఇంజిన్ తిరిగే దిక్కుకి ఎదురుగా ఆ మర ఉంటుంది. నూనె బయటికి రాబోతే ఆ గాడి దాన్ని లోపలికి నెట్టేస్తుంది. బావిలో గిలక మీద తాడు వెనక్కి తిప్పుకున్నట్టు అనుకోండి. క్రాంకు తిరుగుతున్నంతసేపే ఆ గాడి పని చేస్తుంది. బండి ఆపాక ఒకటి రెండు బొట్లు కారడం దాని పుట్టుగుణం.

మరి ధారగా ఎప్పుడు కారుతుంది? రింగులు అరిగి, పేలుడు గాలి కింద నూనె ఉండే ఛాంబర్‌లోకి దిగినప్పుడు. లోపల ఒత్తిడి పెరిగి, ఆ గాడి నెట్టే బలం సరిపోదు. మీ 3వ సిలిండర్ కథ అదే. రెండోది బ్రీదర్, అదే లోపలి గాలి బయటికి పోయే దారి, మూసుకుపోవడం. ఇంజిన్ పక్కన టాపెట్లని (వాల్వులను కదిపే ముక్కలు) మూసే రేకులు రెండు ఉంటాయి, ముందుదానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది తీసి ఊది చూడండి.

పాతబండి_బరంపురం:
లేతుగారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. ఆ టాపెట్ రేకుల కార్కు ప్యాకింగ్ ఎండిపోతే నూనె బ్లాకు పక్కనుంచి వెనక్కి పాకి, బెల్ హౌసింగ్ దగ్గరే బొట్టు కడుతుంది. చూసేవాడికి వెనక సీల్ పోయినట్టే ఉంటుంది. నా బండికి నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. ఇంజిన్ దింపి, అంతా చేసి, మళ్ళీ ఎక్కించి, మూడో రోజు అదే బొట్టు. తీరా చూస్తే చిన్న కార్కు ముక్క. అప్పుడు మా ఇంట్లో నా పరువు ఎంత మిగిలిందో చెప్పను.

గుణుపురం_అబ్బాయి:
గురువుగార్లూ, నేను చదువుతూ కూర్చున్నా. ఒక డౌటు. ఇంజిన్ దింపితే ఆర్‌సీకి ఇబ్బంది ఉంటుందా? మా తాతగారి బండి కూడా ఉంది.

పాతబండి_బరంపురం:
అదే బ్లాకు తిరిగి ఎక్కిస్తే నంబరు మారదు, ఇబ్బంది లేదు. వేరే ఇంజిన్ పెడితే మాత్రం ఆర్‌టీవో దగ్గర రాయించాల్సిందే. ఇంజిన్ నంబరు ప్లేటు మీద మట్టీ గ్రీజూ తుడిచి ఫోటో తీసి పెట్టుకో. లేత్ షాపుల్లో బ్లాకులు తారుమారైన కథలు ఉన్నాయి.

జయపురం_జీపు:
2021లో వింటేజ్ బళ్ళ రూలు వచ్చింది కదా, 50 ఏళ్ళు దాటితే వేరే రిజిస్ట్రేషన్. అంబి గారి బండికి వర్తిస్తుంది. చేయిస్తారా?

పర్లాకిమిడి_అంబి:
చూశాను. కొత్తగా అయితే 20,000 ఫీజు. కానీ ఆ నంబరు తీసుకుంటే రోజూ నడపకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు కొట్టించడానికీ, రిపేరుకీ తప్ప. మా అమ్మని గుడికి తీసుకెళ్ళడం ప్రదర్శన కిందికి వస్తుందో రాదో. మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుంటున్నా.

పర్లాకిమిడి_అంబి:
దింపేశాం! వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బ్యాటరీ వైరు తీశాను. బోనెట్ ఊడదీసే ముందు కీలు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను, మళ్ళీ బిగించేటప్పుడు వంకర రాకుండా. నీళ్ళు దింపాను. రేడియేటర్ కింద కుళాయి విప్పితే సరిపోతుందనుకున్నా. బ్లాకుకి కూడా ఒకటి ఉంది, అది తుప్పుతో మూసుకుపోయింది. తీగ పెట్టి పొడిస్తే గానీ రాలేదు. వచ్చినవి నీళ్ళు కాదు, టీ డికాషన్. తర్వాత రేడియేటర్, గ్రిల్, డైనమో, సెల్ఫ్ మోటర్, కార్బురేటర్, సైలెన్సర్ పైపు. ఆ పైపు నట్లు మాత్రం నాలుగు రోజులు తిన్నాయి. ముందు రోజు రాత్రి నూనె పోసి నానబెట్టినా ఒక స్టడ్డు విరిగింది.

గేర్‌బాక్సు బండిలోనే వదిలేశాను. స్టీరింగ్ దగ్గర హ్యాండ్ గేరు కదా, ఆ రాడ్లన్నీ విప్పి మళ్ళీ సెట్ చెయ్యడం నా వల్ల కాదనిపించింది. కింద జాకీ మీద చెక్క పెట్టి గేర్‌బాక్సుకి ఊతం ఇచ్చాను. ఎలాగూ హెడ్డు తీసేదే కాబట్టి హెడ్ స్టడ్లకి దళసరి ఇనుప పట్టీలు వేసి, వాటికి చైను తగిలించాను. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు తీశాక ఇంజిన్‌ని ముందుకి జరపాలి, గేర్‌బాక్సు షాఫ్టు క్లచ్‌లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా. అప్పటిదాకా పైకి లాగకూడదు.

సాయం చేసింది మా బోరు ట్రైపాడ్ అబ్బాయిలు ఇద్దరు, మా చిన్నాన్న కొడుకు. వాళ్ళిద్దరూ ఒడియా, వీడు తెలుగు. "టికే ఉఠా" (కొంచెం లేపు) అని ఒకరు, "ఆగు ఆగు" అని ఒకరు. చైన్ లాగేవాడు ఎవరి మాట వినాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. ఇంజిన్ గాల్లో, అమ్మ గుమ్మంలో దండం పెడుతూ. చివరికి నేనొక్కడినే చెప్తాను, మిగతావాళ్ళు నోరు తెరవొద్దు అని ఒప్పందం చేసుకున్నాం. దాని తర్వాత పది నిమిషాల్లో కిందికి దిగింది. పాత లారీ టైరు మీద కూర్చోబెట్టాం.

క్లచ్ ప్లేటు నూనెలో నానిన అప్పడంలా ఉంది. బ్రీదర్ గొట్టం లోపల నల్లటి జిడ్డు గట్టిపడి పెన్సిలు దూరనంత సందు మిగిలింది. 3వ పిస్టన్‌కి పై రింగు రెండు ముక్కలు.

సిరోంచ_గోదారి:
శభాష్! విప్పిన బోల్టులన్నీ ఏం చేసినవ్?

పర్లాకిమిడి_అంబి:
మా పిన్ని ఇచ్చిన పాత ఆవకాయ సీసాల్లో వేశాను. ఒక్కో సీసా మీద చీటీ. పొడవు వేరువేరుగా ఉన్న వాటిని అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ చిల్లుది ఆ చిల్లులో గుచ్చాను. టైమింగ్ కవర్‌కి ఇది బాగా పనికొచ్చింది.

రాయగడ_లేతు:
(రెండు వారాల తర్వాత) బ్లాకు నా దగ్గరికే వచ్చింది, వారి అనుమతితో రాస్తున్నా. 20 థౌ బోరు చేశాను. ఇంతకు ముందు ఎవరూ ముట్టుకోలేదు. క్రాంకు బాగానే ఉంది, బేరింగులు కొత్తవి వేయమన్నాను. ఒక పని మాత్రం పట్టుబట్టి చేయించాను, క్రాంకు కొసన ఉండే చిన్న కంచు బుష్షు. గేర్‌బాక్సు షాఫ్టు ముక్కు తిరిగేది అందులోనే. కొత్తది వేసే ముందు రాత్రంతా ఆయిల్లో నానబెట్టాలి, అది స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది. పొడిగా కొట్టేస్తే కొన్నాళ్ళకి క్లచ్ తొక్కినా గేరు కరకరమంటుంది. పది నిమిషాల పనికి బద్ధకించి మళ్ళీ ఇంజిన్ దింపుకున్నవాళ్ళని చూశాను.

పర్లాకిమిడి_అంబి:
ఎక్కించడం మొదలెట్టాం. ఇరుక్కుపోయాను. ఇంజిన్ గేర్‌బాక్సుకి రెండంగుళాల దూరంలో ఆగిపోయింది. ఎంత ఊపినా లోపలికి పోదు. చిన్నాన్న కొడుకు పొడుగు బోల్టులు వేసి లాగేద్దాం అంటున్నాడు.

పాతబండి_బరంపురం:
వద్దు! బోల్టులతో లాగితే క్లచ్ ప్లేటు మధ్య భాగం వంగిపోతుంది, అప్పుడు కొత్త ప్లేటు కూడా చెత్తబుట్టకే. అలాగే ఇంజిన్ బరువు ఆ షాఫ్టు మీద వదలకు.

క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో బిగించావా? పాత గేర్‌బాక్సు షాఫ్టు ఉంటే దాంతో, లేకపోతే చీపురు కర్రను చెక్కి టేపు చుట్టి మధ్యకు తేవాలి. అది సరిగ్గా ఉంటే మిగిలింది పళ్ళు కలవడమే. బండిని టాప్ గేరులో పెట్టు, చక్రాలకి రాళ్ళు పెట్టు. ముందు పుల్లీ నట్టుకి పానా వేసి ఇంజిన్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ, ఒకరు వెనక్కి నెట్టండి. ఇంజిన్ అంచూ గేర్‌బాక్సు అంచూ చుట్టూ సమానంగా సందు ఉందా చూడు. పైన వేలు దూరి కింద దూరకపోతే జాకీ ఎత్తు తేడా.

పర్లాకిమిడి_అంబి:
జాకీయే! గేర్‌బాక్సు ముక్కు కిందికి వాలి ఉంది. అరంగుళం లేపాను, పుల్లీ కొంచెం తిప్పాను, చప్పుడు లేకుండా దూరిపోయింది. ఇంత సేపు కుస్తీ పట్టింది దేనికో. మీకు బరంపురం వచ్చి కాళ్ళు మొక్కుతాను అన్నా.

పాతబండి_బరంపురం:
కాళ్ళు వద్దు, పాతపట్నం జీడిపప్పు అరకిలో చాలు.

పర్లాకిమిడి_అంబి:
స్టార్ట్ అవ్వలేదు. కాదు, అయ్యీ అవ్వనట్టు ఉంది. ప్లగ్గులు తీసేసి, సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా తిప్పాను, అది బాగానే వచ్చింది. ప్లగ్గులు పెట్టాక దడదడమని రెండు సిలిండర్ల మీద కొట్టుకుంటోంది, కార్బురేటర్‌లోంచి దగ్గుతోంది. ఒకసారి మంట కూడా కనిపించింది. పాయింట్ల గ్యాప్ 15 థౌ. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2, వైర్లు అదే వరసలో పెట్టాను. టెన్షన్‌తో అన్నం తినలేదు.

జయపురం_జీపు:
టైమింగ్ చైన్ గుర్తులు కలిశాయా?

పర్లాకిమిడి_అంబి:
కలిశాయి, ఫోటో కూడా ఉంది.

పాతబండి_బరంపురం:
ఒక ప్రశ్న. 1-3-4-2 వరసని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) మూత మీద ఏ దిక్కుగా పెట్టావు? గడియారం తిరిగే దిక్కుగానా?

పర్లాకిమిడి_అంబి:
అవును, గడియారం దిక్కుగానే.

పాతబండి_బరంపురం:
దొరికింది. దీని లోపల తిరిగే రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కుగా తిరుగుతుంది. నువ్వు పెట్టినదాంట్లో 1, 4 సరిగ్గానే పడ్డాయి, 2, 3 తారుమారయ్యాయి. అందుకే రెండు సిలిండర్ల మీదే కొట్టుకుంటోంది. ఆ రెండు వైర్లు అటుది ఇటు మార్చు. ముందు కార్బురేటర్ చుట్టూ పెట్రోలు కారి ఉంటే తుడిచెయ్యి, తడి గోనెసంచి దగ్గర పెట్టుకో.

పర్లాకిమిడి_అంబి:
మార్చాను. రెండో సెల్ఫ్‌కి అందుకుంది!!! టాపెట్లు టకటకమంటున్నాయి గానీ నాలుగూ కొడుతున్నాయి. అమ్మ కొబ్బరికాయ కొట్టింది, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నాన్నగారు ఉంటే ముందు పొగ చూసేవారు. ఇప్పుడు పొగ లేదు.

రాయగడ_లేతు:
ఇంజిన్ వేడెక్కి చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ ఒకసారి చూడండి, మధ్య నుంచి బయటికి వరసగా. దాని తర్వాతే టాపెట్లు. తొమ్మిది లెక్క తెలుసు కదా? 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది సెట్ చెయ్యాలి, 3 తెరుచుకుంటే 6. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. మొదటి 500 కిలోమీటర్లు ఘాటీలు ఎక్కకండి, తర్వాత ఆయిలు మార్చండి. పెట్రోలు గొట్టాలు కూడా పాతవే ఉంటే మార్చెయ్యండి, ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుకి పాత రబ్బరు తట్టుకోదు.

పర్లాకిమిడి_అంబి:
(నెలన్నర తర్వాత) నిన్న తప్తపాణి ఎక్కాను. క్లచ్ జారలేదు, ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చాక అలవాటుగా కింద దూరి చూశాను. స్ప్లిట్ పిన్ను కొసన ఒక బొట్టు ఉంది. రాత్రంతా పెట్టిన అట్టముక్క మీద రూపాయి బిళ్ళంత మరక. లేతుగారూ, ఇది పుట్టుగుణమేనా?

రాయగడ_లేతు:
రూపాయి బిళ్ళ అయితే పుట్టుగుణమే. అప్పడమంత అయితే అప్పుడు చెప్పండి.

గుణుపురం_అబ్బాయి:
అన్నా, ఆ ట్రైపాడ్ నెంబరు ప్రైవేటుగా పంపుతారా? మా తాతగారి బండి వచ్చే నెల విప్పుదామనుకుంటున్నాం. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.

పర్లాకిమిడి_అంబి:
పంపాను తమ్ముడూ. వాళ్ళు ఎండాకాలం బోర్ల పనిలో ఉంటారు, వానలు పడ్డాక అడుగు. ఆవకాయ సీసాలు నా దగ్గర ఖాళీగానే ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళు. కడిగినా వాసన పోలేదు.